ట్రైలర్ ఎగిరెగిరి పడుతోందా? షాకులు కొనే ముందు కిందకి దూరి చూడండి

సందేహం: టెక్సస్‌లో ఉంటున్నాం. పిల్లలతో నేషనల్ పార్కులు తిరుగుదామని ఒక పాత ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) కొన్నాం. 2016 మోడల్, రెండు యాక్సిళ్లది. హైవే మీద వంతెనల అతుకులు దాటినప్పుడల్లా ఎగిరి పడుతోంది. లోపల అల్మరాల స్క్రూలు ఊడి నేల మీద దొరుకుతున్నాయి. షాక్ అబ్జార్బర్లు పోయాయి, నాలుగూ మార్చాలని ఒక షాపులో చెప్పారు. మార్పించమంటారా? మేమే మార్చుకోగలమా?

జవాబు: డబ్బులు కట్టే ముందు ఒక పని చేయండి. చదునైన చోట ట్రైలర్ ఆపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, టార్చ్ లైటు తీసుకుని కిందకి తొంగి చూడండి. చక్రాల లోపలి వైపు, యాక్సిల్ నుంచి ఛాసిస్‌కి ఏటవాలుగా బిగించిన గొట్టాల్లాంటివి ఉన్నాయా? ఉంటే అవే షాకులు. లేకపోతే లేవు. వేళాకోళం కాదు. ఇక్కడ అమ్మే మామూలు ధర ట్రైలర్లలో చాలావాటికి ఫ్యాక్టరీలోనే షాకులు పెట్టరు. నాకు తెలిసిన ఒక కుటుంబానికి కూడా ఇలాగే నాలుగు షాకుల ఎస్టిమేట్ ఇచ్చారు. ‘షాకులు ఎక్కడున్నాయో ఫోటో తీసి పంపండి’ అని ఆ కుటుంబం షాపును అడిగింది. అంతే, ఎస్టిమేట్ మారిపోయింది.

అసలు బరువు మోసేది షాకు కాదు. మన ఊళ్లో లారీలకు ఉండే కమాన్ కట్టలే, కాస్త చిన్న సైజులో, ఈ ట్రైలర్ల కింద ఉంటాయి. బరువంతా మోసేది అవే. గోతిలో పడి లేచాక కట్ట పైకీ కిందకీ ఆడుతుంది కదా, ఆ ఆటను తొందరగా ఆపడమే షాకు పని. కట్టలోని పట్టీలు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల ఆ ఆట కొంత దానంతట అదే తగ్గుతుంది. ఆ ధైర్యంతోనే తయారీదార్లు షాకుల ఖర్చు మిగుల్చుకుంటారు.

మరి మీ బండిలో పోయిందేమిటి? నా అంచనా బుష్షులు. రెండు యాక్సిళ్ల ట్రైలర్లో ఒక్కో వైపు రెండు కమాన్ కట్టలుంటాయి. వాటి బయటి కొసలు ఛాసిస్‌కి వెల్డింగ్ చేసిన హ్యాంగర్లకు బోల్టులతో బిగించి ఉంటాయి. లోపలి కొసలు రెండూ మధ్యలో ఉన్న ఈక్వలైజర్ అనే ఇనుప ముక్కకు షాకిల్ పట్టీలతో (రెండు చివరలా బెజ్జాలున్న చిన్న ఇనుప పట్టీలు) వేలాడుతుంటాయి. ముందు చక్రం ఎత్తు మీదకి ఎక్కితే ఈక్వలైజర్ అటు తిరిగి, ఆ బరువులో కొంత వెనక చక్రానికి పంచుతుంది. ఇలా కదిలే ప్రతి చోటా కట్ట చెవిలో (కొసన గుండ్రంగా చుట్టిన రంధ్రంలో) ఒక బుష్ ఉండాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది చాలావరకు నైలాన్ బుష్, అంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టం. వేల పౌండ్ల బరువు దాని మీదే కదులుతుంటుంది. గ్రీజు కొట్టే దారి కూడా ఉండదు. కొన్ని వేల మైళ్లకే అది పొరలు పొరలుగా రాలిపోతుంది. ఆ తర్వాత బోల్టు నేరుగా ఇనుముతోనే రాసుకుంటుంది.

ఊడదీసిన షాకిల్ పట్టీని ఒకసారి వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కోడిగుడ్డులా సాగి ఉంటుంది. అంచు మాత్రం కొత్త ఇనుములా తళతళలాడుతుంది. బోల్టు ఒక పక్కే తినేసి, నడుము సన్నబడి ఉంటుంది. బుష్ ఉండాల్సిన చోట నల్లటి పొట్టు రాలుతుంది. ఇది చూశాక షాపులో ఎవరేం చెప్పినా మీరు తడబడరు.

ఊడదీయకుండానే తెలిసే గుర్తులూ ఉన్నాయి. బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి పడుతుంటే అక్కడ ఇనుము ఇనుముతో రాసుకుంటోందని అర్థం. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు వైపులా టేపుతో కొలవండి. దూరం ఒకేలా లేకపోతే ఏదో ఒకటి స్థానం తప్పినట్టే. రెండు టైర్ల మధ్య సందు ఒక వైపు తక్కువగా కనిపించినా అంతే. చక్రం పైన ఉన్న రేకు లోపల టైరు రాసుకున్న నల్లటి చారలు ఉన్నాయేమో చూడండి. కమాన్ పట్టీల్లో ఎక్కడైనా విరుపు ఉందా, హ్యాంగర్ వెల్డింగ్ దగ్గర పెయింట్ మీద సన్నటి తుప్పు గీత కనిపిస్తోందా అన్నవి మాత్రం తీరిగ్గా చూడాలి. ఆ గీత ఉంటే అది మన చేతి పని కాదు, వెల్డర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఉత్తరాది రాష్ట్రాల నుంచి కొనుక్కొచ్చిన బండి అయితే మరింత జాగ్రత్త. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కింది ఇనుమును తినేస్తుంది.

ఇంకో మాట. మీరు ఎగిరి పడుతోంది అన్నారు. చాలామంది అదే మాట వాడతారు గానీ, వాళ్ల అసలు బాధ ట్రైలర్ తోక పక్కలకు ఊగడం. ఆ రెండూ వేరు. పక్కలకు ఊగుతుంటే కొత్త షాకులు వేసినా ఆగదు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు భాగం మీద, అంటే మీ ట్రక్కు హిచ్ (ట్రైలర్ తగిలించే చోటు) మీద పడాలి. వెనక సామాను ఎక్కువై ముందు తేలికైపోతే ఊగుడు మొదలవుతుంది. బుష్షుల్లో వదులు దానికి తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

బరువు సంగతి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. వెట్ గ్రైండర్, రెండు కుక్కర్లు, 20 పౌండ్ల బియ్యం సంచి, పచ్చళ్ల సీసాలు, నాలుగు కుటుంబాలకు సరిపడా కుర్చీలు... ఎక్కించేటప్పుడు ఏదీ బరువుగా అనిపించదు. పైగా బయల్దేరేటప్పుడే ట్యాంకు నిండా నీళ్లు పట్టుకుంటాం. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్లంటే 330 పౌండ్లు దాటింది. తలుపు దగ్గర పసుపు రంగు స్టిక్కర్ మీద ఎంత సామాను మోయగలదో రాసి ఉంటుంది. ఆ అంకె చూస్తే చాలామంది గతుక్కుమంటారు. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని బోర్డు కనిపిస్తుంది. సామానుతో సహా అక్కడ ఒకసారి తూకం వేయించండి. యాక్సిళ్ల మీద ఎంత పడుతోందో విడిగా చీటీ ఇస్తారు. మీ యాక్సిల్ గొట్టం మీద అతికించిన రేకు మీద 3,500 పౌండ్లు అని ఉంటే రెండూ కలిపి 7,000 పౌండ్లు, అంతకు మించకూడదు. మించి మోయిస్తే కొత్త కమాన్ కట్టలు కూడా వంగిపోతాయి.

ఇక మీరే చేసుకోగలరా అంటే, కారుకి బ్రేకు ప్యాడ్లు మార్చిన అనుభవం ఉన్నవాళ్లు చేయగలరు. అది కూడా లేనివాళ్లు దీంతో మొదలుపెట్టకండి. కొనాల్సింది వెట్ బోల్ట్ కిట్. డెక్స్టర్, మోర్‌రైడ్, లిప్పర్ట్ కంపెనీలు అమ్ముతాయి. ఇందులో నైలాన్ బదులు కంచు బుష్షులు, లోపల గ్రీజు దారి ఉన్న బోల్టులు, మామూలు వాటికంటే మందమైన షాకిల్ పట్టీలు వస్తాయి. ఈక్వలైజర్ అరిగి ఉంటే అదీ ఇప్పుడే మార్చేయండి. రబ్బరు పెట్టిన ఈక్వలైజర్లు కూడా దొరుకుతాయి, కుదుపు కాస్త తగ్గుతుంది. కమాన్ కట్ట ఒకటి విరిగినా, వంగినా కనీసం ఆ యాక్సిల్‌కి రెండు వైపులా మార్చాలి. నాలుగూ మార్చేస్తే ఇంకా మేలు. కొనేటప్పుడు చెవి నుంచి చెవికి పొడవు, పట్టీల సంఖ్య, వెడల్పు, మోసే బరువు, అన్నీ పాతదానితో సరిపోవాలి. బలంగా ఉంటుందని ఎక్కువ బరువు మోసేది వేస్తే బండి ఇంకా గట్టిగా ఎగురుతుంది, యాక్సిల్ కెపాసిటీ మాత్రం పెరగదు.

పని మొదలుపెట్టే ముందు ట్రైలర్‌ని ట్రక్కుకు తగిలించే ఉంచండి. రెండో వైపు చక్రాలకు అడ్డు పెట్టండి. వీల్ నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ఆ తర్వాత జాకీ పెట్టండి. జాకీ ఛాసిస్ కిందే పెట్టాలి. యాక్సిల్ గొట్టం కింద పెట్టి బండిని లేపితే గొట్టం వంగుతుంది, అప్పుడు టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి. లేపాక ఛాసిస్ కింద స్టాండులు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరడం అనే మాటే వద్దు. చక్రాలు తీశాక యాక్సిల్‌ని కాస్త ఎత్తడానికి, దించడానికి ఇంకో చిన్న జాకీ ఉండాలి. అది యాక్సిల్ బరువు పట్టుకోవడానికే, బండిని లేపడానికి కాదు. యాక్సిల్ మరీ కిందకి జారితే ఎలక్ట్రిక్ బ్రేకుల వైర్లు తెగుతాయి, ఒక కన్ను వాటి మీద ఉంచండి.

అసలు కిటుకంతా బోల్టుల దగ్గరే ఉంది. ఈ బోల్టు తల కింద సన్నటి పళ్లు ఉంటాయి. అవి హ్యాంగర్ బెజ్జంలో గట్టిగా కరుచుకుని బోల్టు తిరగకుండా ఆపుతాయి. అందుకని ఎప్పుడూ నట్టునే తిప్పాలి, బోల్టు తలను కాదు. నట్లు తిప్పే మెషిన్, అంటే ఇంపాక్ట్ గన్‌తో తలను పట్టుకుని తిప్పేస్తే ఆ పళ్లు బెజ్జాన్ని కోసేస్తాయి. అప్పుడు కొత్త బోల్టు కూడా అందులో వదులుగా ఆడుతుంది, మొదటికే మోసం. తీసేటప్పుడు నట్టు ఊడదీసి, బోల్టును సుత్తితో తిన్నగా వెనక్కి కొట్టాలి. బిగించేటప్పుడు కూడా ముందు సుత్తితో లోపలికి కూర్చోబెట్టి, ఆ తర్వాతే నట్టు తిప్పాలి. కంచు బుష్షుల్ని ముందు రోజు రాత్రి ఫ్రీజర్లో పెడితే కట్ట చెవిలోకి తేలిగ్గా వెళ్తాయి. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి పెట్టండి. వెట్ బోల్టుకు గ్రీజు వచ్చే బెజ్జం గడియారంలో 3 లేదా 9 అంకె వైపు ఉండేలా పెట్టాలి. పైకో కిందకో ఉంటే బరువు దాని మీదే పడి గ్రీజు లోపలికి వెళ్లదు.

షాకిల్ నట్టును ఎంత బలం ఉంటే అంత బలంతో బిగించకండి. డెక్స్టర్ వాళ్ల మాన్యువల్లో 30 నుంచి 50 ఫుట్-పౌండ్లు (బిగింపు బలానికి కొలత) అని ఉంది, భాగాలు స్వేచ్ఛగా తిరగాలి అని కూడా ఉంది. వీల్ నట్ల లెక్క వేరు. అర అంగుళం స్టడ్లయితే 90 నుంచి 120 ఫుట్-పౌండ్లు, అదీ ఒకేసారి కాకుండా ఎదురెదురు నట్లను విడతలు విడతలుగా బిగించాలి. బయల్దేరాక 10, 25, 50 మైళ్ల దగ్గర ఆపి మళ్లీ చూడాలి. ఈ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ కొనక్కర్లేదు. ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగిచ్చాక డబ్బు వెనక్కి వస్తుంది.

మీ బండికి నిజంగానే షాకులు ఉన్నాయనుకోండి. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లకు ఉంటాయి. కొందరు పాత యజమానులు రోడ్‌మాస్టర్ లాంటి కంపెనీల కిట్లు కొని వేయించుకుంటారు కూడా. గొట్టం మీద నూనె కారి దుమ్ము పట్టి ఉన్నా, సొట్ట పడినా, చివర రబ్బరు చితికినా మార్చాలి. జతగానే మార్చాలి. మూసినప్పటి పొడవు, సాగినప్పటి పొడవు పాతదానితో సరిపోవాలి. పని కూడా తేలిక, పైనొక బోల్టు, కిందొక బోల్టు. ఎయిర్‌స్ట్రీమ్‌లో అసలు సమస్య వేరే చోట ఉంటుంది. దాని కింద కమాన్ కట్టలు ఉండవు. యాక్సిల్ గొట్టం లోపల బిగించిన రబ్బరే స్ప్రింగ్. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడే గొట్టం నుంచి చక్రానికి వెళ్లే ఇనుప చెయ్యి పైకి చూస్తుంటే రబ్బరు పని అయిపోయినట్టే. రబ్బరు ఒక్కటే మార్చడం కుదరదు, యాక్సిల్ మొత్తం మార్చాలి. పాత ఎయిర్‌స్ట్రీమ్ అందంగా ఉందని మనసు పారేసుకునే ముందు ఆ చేతిని చూడండి.

షాకులు లేని బండికి కొత్తగా వేయించాలా అంటే, నేనైతే ముందు బుష్షులు, షాకిల్ పట్టీలు, ఈక్వలైజర్ మార్చి, టైర్లలో గాలి సరిచూసి ఒక ట్రిప్పు వెళ్లొస్తాను. అప్పటికీ కుదుపు తగ్గకపోతే షాకుల కిట్ గురించి ఆలోచిస్తాను. సాగిపోయిన షాకిల్ పట్టీల పక్కన కొత్త షాకులు వేయడం డబ్బు దండగ.

షాపుకే ఇస్తే ఎస్టిమేట్‌లో ఒక్కో పార్టు పేరు, లేబర్ గంటలు విడివిడిగా రాయించుకోండి. పాత పార్టులు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి. మొబైల్ ఆర్వీ (ఇలాంటి ఇల్లు బండ్ల) టెక్నీషియన్లని ఇంటికొచ్చి చేసేవాళ్లూ ఉంటారు. గంట లేబర్ 150 డాలర్లు దాటడం మామూలే కాబట్టి, కిట్ మీరు కొని పెడితే పని వాళ్లు చేస్తారేమో అడగండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చాలా చోట్ల లీజు ప్రకారమే నిషేధం. సొంత ఇల్లయినా హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ చూసుకోండి, డ్రైవ్‌వేలో ట్రైలర్ కనిపిస్తే నోటీసు పంపేవాళ్లున్నారు. ఇంకొకటి, పని బాగా వచ్చేసిందని వీకెండ్ స్నేహితుల ట్రైలర్లు డబ్బు తీసుకుని బాగుచేయడం హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు కుదరదు. మీ కంపెనీ బయట అనుమతి లేకుండా పని చేసి సంపాదిస్తే వీసాకు చిక్కే. ఊరికే సాయం చేసి భోజనం చేసి రండి.

ట్రైలర్లకూ కార్లలాగే రీకాల్స్ ఉంటాయి, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే పిలిచి బాగుచేయడం. ఎన్‌హెచ్‌టీఎస్ఏ (వాహనాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్లో మీ ట్రైలర్ కంపెనీ, మోడల్ కొట్టి రీకాల్ ఏమైనా ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే ఉచితంగా చేస్తారు. చక్రాలు ఎలాగూ ఊడదీస్తారు కాబట్టి బేరింగులకు గ్రీజు కూడా అదే రోజు పెట్టించేయండి, అది ఏడాదికోసారి చేయాల్సిన పనే. టైరు పక్కన నాలుగంకెల తేదీ చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రెడ్ ఎంత కొత్తగా కనిపించినా ఆరేళ్లు దాటిన ట్రైలర్ టైర్లను నేను నమ్మను. వేసవి సెలవులకు వెళ్లాలనుకుంటే ఇదంతా మార్చిలోనే పెట్టుకోండి. మే నెలాఖరున మెమోరియల్ డే దగ్గర పడిందంటే మంచి షాపుల్లో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం.