బీచ్ కొయ్య బొమ్మల మీద తెల్లటి పొడి: సమాధానం

వాలీబాల్ మానేశాక భీమిలిలో, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఏరిన కొయ్యలతో బొమ్మలు చేస్తున్నానని, రంగు వేసిన కొన్నాళ్లకే తెల్లపొడి తేలి పెచ్చులూడుతోందని రాశారు కదా అన్నా. టెన్షన్ పడకండి, అది ఉప్పే. పైపైన కడిగితే పోదు. డ్రమ్ములో మంచినీళ్లు పోసి, కొయ్య తేలకుండా పైన రాయి పెట్టి నానబెట్టండి. నీళ్లు మారుస్తుండండి. కొయ్య నానిన నీటిచుక్క, మామూలు కుళాయి నీటిచుక్క నల్ల పళ్లెంలో పక్కపక్కన ఎండనివ్వండి. రెండు మరకలూ ఒకేలా ఉంటే ఉప్పు దిగినట్టే.

తర్వాత నీడలోనే ఆరనివ్వాలి. మైదానంలో చూపించిన దూకుడు ఇక్కడ వద్దు, ఎండలో పెడితే కొసలు ముందు ఆరి పగులుతాయి. కొయ్య బాగా ఆరాకే రంగు వేయండి. అవిసె నూనె పూస్తే మాత్రం ఆ గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతటదే అంటుకోగలదు. ఆరుబయట పరిచి ఆరబెట్టండి.