ఏ సంఘటనా లేని జీవితం గురించి ఏం రాయాలి?

"మాది మామూలు ఇల్లు, చెప్పుకోదగ్గ సంఘటన ఒక్కటీ లేదు, జ్ఞాపకాలు రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగారు కదండీ. ఇంట్లో రోజూ జరిగిన ఒక పని పట్టుకోండి. అది ఎట్లా చేసేవాళ్ళో మొదట్నుంచి చివరిదాకా రాయండి, మనుషులు వాళ్ళంతట వాళ్ళే అందులోకి వచ్చేస్తారు.

నేను మొదట రాసింది నల్లా నీళ్ళ గురించి. హైదరాబాద్ చిక్కడపల్లిలో కిరాయి ఇల్లు మాది, అన్ని పోర్షన్లకీ వాకిట్లో ఒకటే నల్లా, నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున. అమ్మ రాత్రే బిందెలు తోమి వరసగా పెట్టేది, నల్లాలోంచి ముందు గాలి చప్పుడు వచ్చేది, ఆ చప్పుడుకే అందరి తలుపులూ తెరుచుకునేవి, మొదట వచ్చే ఎర్ర నీళ్ళు వాకిలి కడగడానికి, తర్వాత పాత పంచె గుడ్డ కట్టి తాగే బిందె, ఆఖర్న డ్రమ్ము. వెనక పోర్షన్ పెద్దమ్మకి నడుం నొప్పి, ఎవరూ రూల్ పెట్టకుండానే ఆమె బిందె ముందు నిండేది. ఆమెతో మాటల్లేని రోజుల్లో కూడా అమ్మ ఆ బిందె మోసుకెళ్ళి గడప దగ్గర పెట్టి వచ్చేది. అమ్మ ఎట్లాంటి మనిషో చెప్పడానికి నాకు ఇంకేమీ రాయాల్సిన అవసరం పడలేదు.

గుర్తు రాకపోతే పెద్దవాళ్ళని అడగండి, కానీ "అప్పట్లో ఎట్లా ఉండేది" అంటే "బాగుండేది రా" అని ఊరుకుంటారు. "గ్యాస్ అయిపోతే ఏం చేసేవాళ్ళు" అని అడగండి. మా పిన్నిని అట్లా అడిగితే నూతన్ స్టవ్వు, ఒత్తులు, కిరోసిన్ లైను, రేషన్ షాపులో కొలత దగ్గర జరిగిన కొట్లాట దాకా వెళ్ళిపోయింది. వాళ్ళకి చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, ఎందుకంటే "గట్లెట్ల పోతవ్ రా" అన్న మనిషి చేత పుస్తకాల భాష మాట్లాడిస్తే ఆ మనిషి మాయమైపోతాడు.

తేదీలు మాత్రం చూసుకోవాలి. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ మొదలైంది 2003 ఆగస్టులో, 2000లో అందులో కాలేజీకి వెళ్ళానని రాస్తే తెలిసినవాళ్ళు మిగతాదీ నమ్మరు. మెట్రో అయితే 2017 నవంబర్. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికలు ఉన్నాయి, నాకైతే అక్కడ కూర్చుంటే టైమే తెలియదు. అలాగని చరిత్ర పాఠం చెయ్యొద్దు, 1908 మూసీ వరద తర్వాత, ఊరికి తాగే నీళ్ళిచ్చిన గండిపేట చెరువు కట్టారు, 1920కి పూర్తయింది, నా నల్లా కథలో దానికి ఒక్క వాక్యం చాలింది.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. పక్క పోర్షన్ వాళ్ళ అప్పులు, పెళ్ళి గొడవలు రాయాలనిపిస్తుంది, అవి వాళ్ళవి, పేర్లు మార్చినా ఉద్యోగాన్ని బట్టి, వీధిని బట్టి గుర్తుపట్టేస్తారు. నేనైతే ముందు వాళ్ళకి చదివి వినిపిస్తా, వద్దంటే ఆ ముక్క తీసేస్తా.

మీ ఇంట్లో ఏ పనితో మొదలుపెట్టాలో తేలకపోతే ఒకట్రెండు కింద రాయండి, కలిసి చూద్దాం.