సమాధానం: ఐటూపీలో సెషన్ ఓకే, ఫైల్ పంపబోతే ‘ఇన్‌వాలిడ్ ఐడీ’

మీ టూల్‌లో ఐటూపీ (ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో బయటికి తెలియనివ్వని నెట్‌వర్క్) సెషన్ తెరుచుకుంటోంది గానీ, ఫైల్ పంపబోతే ఎర్రర్ వస్తోందని అడిగారు. సెషన్ ఓకే అని వచ్చాక కూడా ‘స్ట్రీమ్ కనెక్ట్’కి (అవతలి వైపుకి కనెక్షన్ కలిపే ఆదేశం) ఇన్‌వాలిడ్ ఐడీ వస్తోందంటే, ఆ సెషన్ అప్పటికే పోయినట్టు. మీరు పెట్టిన కోడ్‌లో సెషన్ తెరిచే ఫంక్షన్ చివర సాకెట్ మూసేస్తున్నారు, అదీ సంగతి.

1. 7656 పోర్టులో సెషన్ తెరిచిన ఆ మొదటి సాకెట్‌ను టూల్ నడిచినంతసేపూ తెరిచే ఉంచండి. అది మూతపడగానే శామ్ బ్రిడ్జ్ (మన ప్రోగ్రామ్‌ను ఐటూపీకి కలిపే భాగం) సెషన్‌నే తీసేస్తుంది. నాకూ ఒక ఆదివారం మొత్తం ఇక్కడే పోయింది. పైథాన్ ‘విత్’ బ్లాకైతే మనకు తెలియకుండానే మూసేస్తుంది. సాకెట్‌ను క్లాస్‌లో దాచుకోండి.

2. కనెక్ట్‌కి, యాక్సెప్ట్‌కి ప్రతిసారీ కొత్త సాకెట్, దాని మీద మళ్లీ ‘హలో’ (మొదటి పలకరింపు ఆదేశం), అదే సెషన్ ఐడీ.

3. డెస్టినేషన్ (ఐటూపీలో మీ అడ్రస్) దగ్గర ‘ట్రాన్సియెంట్’ (తాత్కాలికం) అని ఇస్తే రీస్టార్ట్ చేసినప్పుడల్లా అడ్రస్ మారిపోతుంది. ప్రైవేట్ కీని ఫైల్లో దాచి, అదే ఇవ్వండి.