ఎన్నారై సందేహాలు: ఊళ్లో బాత్రూం పని వంకరగా అయింది, ఇప్పుడేం చేయాలి?

డబ్బు పంపి కడపలోనో, అనంతపురంలోనో, కర్నూలులోనో అమ్మానాన్నల ఇంట్లో బాత్రూం కొత్తగా చేయిస్తారు. పనైపోయాక వీడియో కాల్‌లో చూస్తే మూల దగ్గర జాయింటు వంకర. కమోడ్ చుట్టూ తెల్ల సిమెంటు పూసి వదిలేశారు. నీళ్లేమో తలుపు దగ్గర నిలుస్తున్నాయి. అడిగితే "బాగానే ఉందిలే నాయనా, మాకది చాలు" అంటుంది అమ్మ. విదేశం వెళ్లిన మొదటి ఏడాది రెండేళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కే ఇది. మేస్త్రికి ఫోన్ చేసి కేకలేసే ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఏ తప్పు కంటికి మాత్రమే బాధ, ఏ తప్పు లోపలికి నీళ్లు పంపుతుంది అన్నది తేల్చుకోవడం. మొదటి రకానికి గొడవ దండగ. రెండో రకానికి మొహమాటం దండగ.

కంటికి సంబంధించినవి త్వరగా చూసేద్దాం. మూలల్లో కోసిన టైల్ ముక్కలు సమానంగా లేకపోవడం, జాయింటు అక్కడక్కడా ఒక మిల్లీమీటరు తేడాగా ఉండడం పాత గోడల మీద మామూలే. పాత ఇళ్ల గోడలు మూలమట్టానికి ఉండవు, ఆ వంకర ఎక్కడో ఒకచోట బయటపడాల్సిందే. ఎత్తుపల్లాలకైతే ఒక కొలత ఉంది. ఏటీఎం కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. రెండు టైళ్ల అంచుల మధ్య మెట్టు ఒక కార్డు మందం ఉంటే వదిలేయండి. నేల మీద రెండు కార్డులు దాటితే కాలి వేళ్లకు తగులుతుంది, ఆ టైల్ తీసి మళ్లీ వేయించాలి. వీడియోలో ఇది కనిపించాలంటే లైటు ఆర్పి, ఫోన్ టార్చి గోడకు ఆనించి పక్కనుంచి వేయమనండి. ఎదురుగా వేస్తే అన్ని గోడలూ అద్దంలాగే కనిపిస్తాయి.

అసలు విషయం నేల వాటం. అమెరికాలో చాలా బాత్రూముల్లో నేలకు నీళ్లు పోయే దారే ఉండదు, స్నానమంతా టబ్‌లోనో కర్టెన్ వెనకాలో అయిపోతుంది. ఆ ఫొటోలు పంపి "ఇట్లా చేయించు నాన్నా" అంటే సగం చిక్కు అక్కడే మొదలవుతుంది. మన ఇంట్లో నేలంతా తడుస్తుంది, బకెట్లతో కడుగుతారు. కాబట్టి 80కి 1 నుంచి 100కి 1 వాటం ఉండి తీరాలి. అంటే ఏడడుగుల పొడవుకు దాదాపు అంగుళం దిగాలి. రసమట్టం లేకపోయినా ఒక బకెట్ నీళ్లు తలుపు దగ్గర పోయించండి. నీళ్లు వాటంతట అవే జాలీ చేరాలి. పది నిమిషాల తర్వాత కూడా అరచేతి వెడల్పు మడుగు మిగిలితే అక్కడ టైల్ కుంగినట్టు. అదొక్కటే అయితే ఆ రెండు మూడు టైళ్లు మార్చితే సరిపోతుంది. నీళ్లు తలుపు వైపు తిరుగుతుంటే మాత్రం పైపూత ఏదీ పనికిరాదు, నేల తీసి మళ్లీ వేయాల్సిందే. "వైపర్‌తో తోసేయండి సార్" అనేది జవాబు కాదు. డెబ్బై ఏళ్ల మనిషి జారిపడేది సరిగ్గా ఆ తడి మీదే.

తర్వాత గుల్ల. ఐదు రూపాయల బిళ్లతో ప్రతి టైల్‌నూ నాలుగు మూలలా, మధ్యలో తట్టించండి. గట్టిగా 'టక్' అంటే కింద నిండుగా ఉన్నట్టు, 'డొబ్' అంటే గుల్ల. ఇది ఎందుకొస్తుందో తెలిస్తే మేస్త్రితో మాట్లాడడం తేలిక. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చేది అర శాతానికి మించదు, అందుకే వట్టి సిమెంటు పాలు దానికి గట్టిగా పట్టవు. అలాంటి టైల్‌కు అడ్హెసివ్ (టైల్ అతికించే జిగురు పొడి) వాడాలి, సంచి మీద ఐఎస్ 15477 అని ఉండాలి. గోడకు వేసే మామూలు సిరామిక్ టైల్ దీనికి పూర్తిగా విరుద్ధం: అది నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి సిమెంటుతో అతికించేటప్పుడు ముందే నానబెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు గోడలు కాగి ఉంటాయి. తడపని గోడ మీద నానని టైల్ వేస్తే సిమెంటు గట్టిపడేలోపే నీళ్లు ఇంకిపోతాయి, ఆర్నెల్లకు టైల్ ఊడి చేతికొస్తుంది. టైల్‌లో ఒక మూల మాత్రమే గుల్లగా ఉంటే గోడ మీద పర్వాలేదు. సగానికి పైగా గుల్ల ఉంటే, అందులోనూ నేల మీద, షవర్ కింద, మార్పించండి.

ఇక నీళ్లు నిలబెట్టి చూసే పరీక్ష. డబ్బు విషయం తేల్చేది ఇదే. ఒక పాలిథిన్ కవర్లో ఇసుక పోసి మూతి కట్టి నహానీ ట్రాప్‌లో (జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె లాంటి భాగం) బిగించాలి. తలుపు గడప దగ్గర తడి గుడ్డ చుట్టి కట్ట వేయాలి. ఐదడుగులు ఇంటూ ఏడడుగుల నేలకు అంగుళం ఎత్తు నిలవడానికి దాదాపు 80 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్లు ఐదారు. గోడ మీద పెన్సిల్ గీత పెట్టి 24 గంటలు వదిలేయాలి. ఎండాకాలంలో కొంత ఆవిరైపోతుంది, దాన్ని సాకుగా చెప్పే మేస్త్రిలు ఉన్నారు. పక్కనే ఒక పళ్లెంలో కూడా నీళ్లు పెట్టి గీత గీయించండి. పళ్లెంలో తగ్గినంతే నేల మీదా తగ్గితే అది ఆవిరి, ఎక్కువ తగ్గితే కారుతున్నట్టు. ఉదయం ఏడుకు చూపించమంటే వేసవిలో డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, మీకూ వీలే. పరీక్ష మేస్త్రి ఉన్నప్పుడే మొదలుపెట్టించండి, గీత ఆయన చేతే గీయిస్తే ఇంకా మంచిది.

గోడ అవతలి వైపు, కింది మిద్దె పైకప్పు కూడా మూడు నాలుగు రోజులు గమనించాలి. చెమ్మ ఎప్పుడూ ఒకేలా ఉంటే నీళ్లొచ్చే పైపు లీకని అనుమానించండి. రాత్రి మోటార్ వేయకుండా కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో మట్టం తగ్గుతోందేమో చూస్తే తెలిసిపోతుంది. ముందు కమోడ్ ట్యాంకు, గీజరు వాల్వులు కారడం లేదని చూసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది. స్నానాల తర్వాత చెమ్మ పెరిగి మధ్యాహ్నానికి తగ్గితే తప్పు నేలలోనో ట్రాప్ చుట్టూనో ఉంది. ఎక్కువగా ట్రాప్ చుట్టూనే. అప్పుడు బాత్రూమంతా పగలగొట్టనివ్వకండి. ట్రాప్ చుట్టూ నాలుగు టైళ్లు తీసి, పైపు, స్లాబు కలిసే చోట నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరినా కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం) నింపి, వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు వేసి, ఆరాక టైళ్లు పెట్టి మళ్లీ నీళ్లు నిలబెట్టాలి. జాయింట్ల నుంచే దిగుతుంటే జాయింట్లలో నింపిన పాత గ్రౌట్ మీద కొత్తది పూయడం కంటితుడుపు. టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు గీకి, రెండు రోజులు ఆరబెట్టి ఎపాక్సీ గ్రౌట్ (కలిపాక గట్టిపడే రెజిన్ రకం) నింపాలి. ఎపాక్సీ కలిపాక ముప్పావు గంటలోపు వాడేయాలి, మన ఎండకు ఇంకా త్వరగా బిగుస్తుంది. కాబట్టి కొంచెం కొంచెంగా కలపమనండి.

గీజరు దగ్గర ఒక్క తప్పు మాత్రం ఆ రోజే సరిచేయించాలి. నీళ్లు వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడడం సహజం. గోడ తడుస్తోందని దానికి డమ్మీ (మూత) బిగించేసే ప్లంబర్లున్నారు. ఒత్తిడి బయటికి పోయే దారి మూసేస్తే ట్యాంకు పేలే ప్రమాదం ఉంది. డమ్మీ తీయించి సన్న పైపుతో బయటికి వదిలించండి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసి, దాని టెస్ట్ బటన్ నొక్కించండి. కరెంటు పోకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

పని చివర్లో మరకలు పోవాలని యాసిడ్ పోసి కడగడం మనవైపు అలవాటు. గడపకో, అరకో వేసిన కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ అన్నీ సున్నపురాయి జాతివే. యాసిడ్ పడ్డచోట బుసబుస నురగ వచ్చి నునుపు పోతుంది, నల్ల బండ బూడిద రంగుకు తిరుగుతుంది. సిమెంటు గ్రౌట్ కూడా తినేస్తుంది, ఆవిరికి కొళాయిల మెరుపు పోతుంది. బోరు ఉప్పునీళ్ల తెల్లచారలు టైల్ మీద ఉంటే నిమ్మరసం చాలు, బండకు అది కూడా తగలనివ్వకండి. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపితే వచ్చేది విషవాయువు, ఈ మాట అమ్మకు విడిగా చెప్పండి.

డబ్బు సంగతి. వారం వారం బట్వాడా ఇస్తూ చివరికి పది శాతం చేతిలో ఉంచుకుని, నీళ్ల పరీక్ష అయ్యాకే ఇస్తామని మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. అంతా ఇచ్చేసి ఉంటే కొత్త సామాను మీరు కొనిపెట్టి, కూలి మాత్రం మేస్త్రినే భరించమనడం న్యాయమైన బేరం. మేస్త్రి చాలాసార్లు ఊరాయనో, మామ వరసో అవుతాడు. వాట్సాప్‌లో తిట్టు పెడితే నాన్న రేపు బజార్లో ఆయనకు ఎదురుపడాలి. "అన్నా, నువ్వే వచ్చి ఒకసారి నీళ్లు పోసి చూపించు" అంటే వచ్చేవాళ్లే ఎక్కువ. కాంట్రాక్టరు పూర్తిగా మొండికేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. రెండేళ్ల గడువుంది, 5 లక్షల లోపు పనికి ఫీజు లేదు. కొటేషన్, చెల్లింపుల రుజువులు, తేదీ కనిపించే ఫొటోలు దాచుకోండి. టైల్ పెట్టె మీది బ్యాచ్ నంబరు కూడా ఫొటో తీయించి, ఒక పెట్టె అటక మీద ఉంచమనండి. రెండేళ్ల తర్వాత అదే రంగు దొరకదు.

అమ్మానాన్న మీ దగ్గరికి ఆర్నెల్లు వచ్చేటప్పుడు ట్రాపులో నీళ్లు ఎండిపోయి, తిరిగి వెళ్లేసరికి ఇల్లంతా వాసన, బొద్దింకలు. అది మేస్త్రి తప్పు కాదు. తాళం వేసే ముందు ప్రతి జాలీలో ఒక చెంబు నీళ్లు, పైన రెండు చెంచాల వంటనూనె పోయించండి, ఆవిరి నెమ్మదిస్తుంది. తాళం చెవి పక్కింటివాళ్లకిచ్చి నెలకోసారి మళ్లీ ఒక చెంబు పోయమనండి.