సర్టిఫికెట్ సరే, చార్ట్ చూశారా?

మంచాన పడ్డ మీ అమ్మగారి కోసం ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టుకుంటున్నామని, వాళ్లకి ఐఎస్ఓ సర్టిఫికెట్ ఉంది కాబట్టి నమ్మొచ్చా అని అడిగారు. మేమూ అది చూసే దిగాం. ఐఎస్ఓ 9001 అంటే ఆ సంస్థ పనులు ఒక పద్ధతి ప్రకారం నడుస్తున్నాయని అర్థం, అంతే. రాత్రి డ్యూటీకి వచ్చే అబ్బాయికి పేషెంటుని పక్కకి తిప్పడం వచ్చో రాదో అందులో ఉండదు.

నాన్నకి స్ట్రోక్ వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. ఏడాదికి పైగా ఇంట్లోనే చూసుకున్నాం. మొదటి ఏజెన్సీ వాళ్లు రోజువారీ చార్ట్ ఇచ్చారు. బీపీ, షుగర్, మందులు, ఎన్నింటికి పక్క తిప్పారు, అన్నీ రాయాలి. రోజూ చక్కగా నింపి ఉండేది, చూసి మురిసిపోయేవాళ్లం. ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి సాయంత్రం 5 గంటలకి చార్ట్ తీశాను. రాత్రి 8 గంటల గడిలో బీపీ 120/80 అని అప్పటికే రాసి ఉంది. పది గంటలకి ఎడమ పక్కకి తిప్పినట్టు టిక్కు కూడా పడిపోయింది!

ఆ రాత్రి నాన్నని మేమే తిప్పి చూశాం. నడుం కింద ఎముక ఆనే చోట బొటనవేలి గోరంత ఎర్రటి మచ్చ. వేలితో నొక్కి వదిలినా తెల్లబడలేదు. బెడ్‌సోర్, అంటే కదలకుండా ఒకే పక్క పడుకోవడం వల్ల పడే పుండు, మొదలయ్యేది అలాగేనని తర్వాత నర్సు చెప్పింది. చర్మం చిట్లకముందే కంటపడింది కాబట్టి బతికిపోయాం. ఆ అబ్బాయిని బాగా కేకలేశాను. ముందు రోజు రాత్రంతా ఇంకో ఇంట్లో డ్యూటీ చేసి నేరుగా మా ఇంటికి పంపించారని అప్పుడు చెప్పాడు. ఇక తప్పంతా అతనిదే అని ఎలా అంటాం?

అందుకే రెండో ఏజెన్సీతో మాట్లాడినప్పుడు సర్టిఫికెట్ల ఊసే ఎత్తలేదు. మీ మనిషి వరసగా ఎన్ని గంటలు పనిచేస్తాడు, సెలవు పెడితే వచ్చే కొత్త మనిషికి నాన్న సంగతులు ఎవరు అప్పజెబుతారు, సూపర్‌వైజర్ చెప్పకుండా వచ్చి చూస్తారా, అర్ధరాత్రి ఏదైనా అయితే ఫోన్ ఎత్తేదెవరు అని అడిగాను. ఇంజెక్షన్, గొట్టం మార్చడం లాంటివి నర్సు పనులు. అటెండెంటుతో చేయిస్తామంటే మాత్రం అక్కడే వద్దనేయండి. మేం అడిగినవాళ్లలో ఒకరు "అన్నీ చేస్తాడు సార్, టెన్షన్ పడకండి" అన్నారు. నాకు అసలు టెన్షన్ మొదలైంది ఆ మాటతోనే.

మేం కుదుర్చుకున్నవాళ్లు మనిషిని పంపేముందు ఒక నర్సుని పంపారు. ఆవిడ గంటన్నర ఉన్నారు. మంచం చక్రాలకి బ్రేకులు పడుతున్నాయా అని తోసి చూశారు, బాత్‌రూమ్ ముందు జారే పట్టా తీయించారు. ముక్కు గొట్టంలో ఆహారం పోసేటప్పుడు తలవైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తి ఉంచాలని, పోశాక కూడా అరగంట నుంచి గంట వరకు దించకూడదని చేసి చూపించారు. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట. పాత అబ్బాయి వెల్లకిలా పడుకోబెట్టే పోసేవాడు, మేం పక్కనే నిలబడి చూసేవాళ్లం. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుం కన్నా కిందే వేలాడాలి, అలాగని నేలకి తగలకూడదు. పక్క తిప్పేటప్పుడు చాలామంది దాన్ని తీసి మంచం మీద పెట్టేస్తారు, అది గమనించండి. రెండు గంటలకోసారి తిప్పమని, ఒళ్లు చూసి అవసరమైతే ఆ వేళలు మారుస్తానని కాగితం మీద రాసి గోడకి అంటించి వెళ్లారు.

కెమెరా గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు. మా తమ్ముడూ పెడదామన్నాడు. డైపర్ మార్చేది కూడా ఆ గదిలోనే కదా అని నాన్ననే అడిగాం. తల అడ్డంగా ఊపారు. ఇక ఆ మాట ఎత్తలేదు. బదులుగా వేళాపాళా లేకుండా గదిలోకి వెళ్లడం అలవాటు చేసుకున్నాం.

అమ్మగారు మాట్లాడగలరో లేదో మీరు రాయలేదు. మాట్లాడగలిగితే మాత్రం, ఆ మనిషి గదిలో లేనప్పుడు ఆవిడనే అడగండి, లేపి కూర్చోబెట్టేటప్పుడు ఎక్కడ పట్టుకుని లేపుతున్నారని. నాన్న భుజం వాపు ఎందుకు వచ్చిందో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.