కారు లేకుండా అల్గార్వ్: పెద్దవాళ్లతో అయితే లాగోస్‌లో ఉండండి

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో, కారు లేకుండా, పోర్చుగల్ దక్షిణ తీరం అల్గార్వ్ చూడగలమా అని అడిగారు కదండీ. హాయిగా చూడొచ్చు. లాగోస్‌లో బస పెట్టుకోండి. లిస్బన్‌లో రైలెక్కి ట్యూనెస్‌లో మారాలి. 65 నిండినవాళ్లకి టికెట్ సగం ధరే, పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి. స్టేషన్‌కి దగ్గర్లోనే మెయా ప్రాయా బీచ్, కిలోమీటర్ల కొద్దీ చదునైన ఇసుక. పొంటా ద పియెదాదె రాతి గుహలకి మాత్రం మెట్లు దిగనివ్వకండి, ఊళ్లోంచే పడవలో తీసుకెళ్లండి. ఎండ పడి బంగారంలా మెరిసే ఆ కొండరాళ్లని మా అమ్మ కళ్లార్పకుండా చూసింది!

శాకాహారులన్నారు కాబట్టి ఒక జాగ్రత్త: కాల్దో వెర్దె ఆకుకూర సూపే అయినా పంది సాసేజ్ ముక్క వేస్తారు, ముందే అడగండి. అడక్కుండా తెచ్చిపెట్టే బ్రెడ్డు, ఆలివ్‌లు తింటే బిల్లులో పడతాయి. వద్దంటే తీసేస్తారు.