స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, పొత్తికడుపు నొప్పి మాత్రం తగ్గట్లేదు. చేతితో చేసే ఫిజియోథెరపీ పనిచేస్తుందా?

నొప్పికి కటి కండరాల బిగుతు కారణమైతే, కనీసం అదీ ఒక కారణమైతే, చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. నెలల తరబడి నొప్పి ఉంటే, ఆ చోటును కాచుకోవడానికి మనకు తెలియకుండానే ఒళ్లు ఆ కండరాలను బిగపట్టడం అలవాటు చేసుకుంటుంది. మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని కింది నుంచి ఊయలలా మోసే కండరాలివి. మామూలు స్కానింగ్ గడ్డల్ని చూపిస్తుంది గానీ ఈ బిగుతును పట్టుకోలేదు. వేలికి మాత్రం తెలుస్తుంది.

ఉదాహరణకు, ఎండోమెట్రియోసిస్‌కు (గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఆపరేషన్ అయ్యాక కూడా కూర్చుంటే నొప్పి వస్తున్న మహిళనే తీసుకోండి. ఇందులో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్ట్, ఆమె ఒప్పుకుంటేనే, గ్లవ్ వేసుకుని యోని లోపలి నుంచి, కటి లోపలివైపు ఉండే తుంటి కండరాన్ని మెల్లగా నొక్కుతారు. "ఇదే, నాకొచ్చే నొప్పి ఇదే" అంటుంది. వేలు అక్కడే ఉంచి, ఊపిరి నిదానంగా వదలమంటారు. కాసేపటికి కండరం సడలుతుంది. ఒక్కసారితో అయిపోదు, కొన్ని వారాలు పడుతుంది.

చాలామంది పొరబడేది కీగెల్ వ్యాయామాల దగ్గర. కీగెల్ అంటే ఈ కటి కండరాలను బిగించడం. ఇప్పటికే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరగొచ్చు. ఇక ఈ చికిత్స ఎండోమెట్రియోసిస్‌నో, ఇన్ఫెక్షన్‌నో నయం చేయదు, కాబట్టి ముందు గైనకాలజిస్టుకు చూపించుకోవాల్సిందే.